అరవై మూడో పేజీ

లెనిన్ సెంటర్లో నా కొట్టుకి
పుస్తకాలు తక్కెడ మీద వస్తాయి.
ఎంసెట్ గైడ్లు, పోయినేటి పంచాంగాలు,
పెళ్ళిలో చదివించాక ఎవరూ విప్పని భగవద్గీతలు.
వాటి మధ్య ఓ నీలం అట్ట:
"లోకో షెడ్ ఎలెవెన్, ఆటా ఆటగాళ్ళూ".
రాసింది పామర్తి గోవర్ధనం, రిటైర్డ్ గూడ్స్ క్లర్కు.
గ్రాట్యుటీ డబ్బుతో మూడొందల కాపీలు వేశాడు.
పదకొండు అమ్మాడు.
"సరిగ్గా ఓ జట్టు" అని నవ్వేవాడు.
మిగతావి సింగ్‌నగర్లో మంచం కింద ఉండేవి.
బుడమేరు వచ్చిన రాత్రి
మంచం తేలింది, పుస్తకాలు తేల్లేదు.

గూడ్స్ క్లర్కు రాస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంది:
ఎవరు ఎప్పుడు ఎక్కారు, ఎక్కడ దిగారు, ఎంత బరువు.
లెఫ్ట్ వింగ్ ఆడిన ఫైర్‌మన్‌కి బొగ్గు దగ్గు.
సెంటర్ హాఫ్ డికాస్టాకి హాఫ్ టైములో ఉల్లి పకోడీ పడాల్సిందే.
బూట్లు తొమ్మిది జతలే,
ఉత్తకాళ్ళతో దిగే ఇద్దరెవరో
ప్రతి ఆటకీ చీటీలేసి తేల్చుకునేవారట.

మొన్న మధ్యాహ్నం
ఏలూరు రోడ్డు పెనంలా కాలుతుంటే
ఒకాయన వచ్చాడు. కుడి మోకాలు సగమే వంగుతోంది.
స్టూలు వేస్తే కూర్చోలేదు.
"ఆ నీలం అట్టది ఇటివ్వండి. మా ఇంట్లోది నీళ్ళు తాగింది."
పేజీ వెతకలేదు, బొటనవేలికి తెలుసు.
అరవై మూడు.
"గుంటూరు పొగాకు గొడౌన్ల జట్టుతో ఫైనల్లో
చివరి నిమిషాన దొరికిన పెనాల్టీని
బల్లెం యోనా వృథా చేశాడు."
అంతే.
పద్నాలుగేళ్ళ ఆటకి
గోవర్ధనం గారు యోనాకి చింపిచ్చిన రసీదు.

"యోనా అంటే మీరేనా?"
పలకలేదు. జేబులోంచి పెన్ను తీశాడు.
పుస్తకం మీద గీత పడితే ఊరుకునే వాణ్ణి కాదు నేను,
గైడ్లలో టిక్కులు పెట్టే పిల్లల్ని గుమ్మం దాటించిన వాణ్ణి.
ఎందుకో నోరు పెగల్లేదు.
"వృథా చేశాడు" కొట్టేశాడు, స్కేలు పెట్టినంత తిన్నగా.
పక్కన, వణికే అక్షరాల్తో:
"కొట్టాడు. నాగుల్ మీరా ఆపాడు."

"ఎడం మూలకి, నేలబారుగా.
జన్మలో అంత బాగా కొట్టింది లేదండీ.
అయినా వాడు పడ్డాడు.
పగలంతా పొగాకు బేళ్ళు మోసొచ్చిన చేతులు,
వేళ్ళ కొసల్తో తోసేశాడు.
నన్ను ఏమన్నా రాసుకోనీండి, అలవాటే.
కానీ నేనే తప్పానంటే
వాడు ఏం చేసినట్టండీ?"

గుంటూరు వాళ్ళదీ ఒకటుంది నా దగ్గర,
వెనక అరలో, పిన్నులు తుప్పట్టిన సావనీరు,
బ్రాడీపేటలో అచ్చయింది.
దుమ్ము దులిపి ఇచ్చాను.
ఇందులో ఆ రోజు ఎండ, అందులో జోరు వాన.
ఇందులో జనం రెండు వేలు, అందులో ఐదు.
కప్పుతో దిగిన ఫోటో, వెనక వరస,
ఎడమ నుంచి నాలుగో మనిషి: "పేరు తెలియలేదు".
ఆయన చాలాసేపు ఆ నాలుగో మనిషి దగ్గరే నిలబడ్డాడు.
నునుపు కాగితం మీద పెన్ను జారింది.
అరచేతిలో రెండు గీతలు గీసి
మళ్ళీ రాశాడు.

"రెండూ తీసుకెళ్ళండి, డబ్బులొద్దు" అన్నాను.
"ఇంట్లో ఉంటే ఎవరు చూస్తారు?
ఇక్కడే, నలుగురి చేతులూ పడేచోట ఉంచండి."
మెట్టు దిగడానికి మాత్రం
నా భుజం అడిగాడు.

నీలం అట్ట లోపల పెన్సిల్‌తో నలభై అని ఉండేది.
చెరిపి యాభై చేశాను.
నిన్న ఓ కుర్రాడు బేరమాడాడు,
"పెన్ను గీతలున్నాయి, తగ్గించండి."
ఉన్నాయి కనకే, అన్నాను.