శాంపిల్ పదిహేడు

నల్ల తామర పురుగు ఊడ్చుకపోయిన ఏడు
నెక్కొండలో చేనుకు చేనే ముడుచుకపోతే
గట్టు వారన ఒక్క చపాట చెట్టు
ఆకు ముడవలేదు.
లసుమక్క దాని కాయలు ఎండబెట్టి
గింజలు బూడిదలో కలిపి
పాత రైకగుడ్డలో మూటగట్టింది.
ఆ మూటే మొలిచి, ఇప్పుడు నా బల్ల మీద
శాంపిల్ పదిహేడు.

లేతాకును ద్రవ నత్రజనిలో ముంచి నూరుతాను,
రోట్లో తొక్కు నూరినట్టే.
కాకుంటే ఇక్కడ ఘాటు రాదు,
తెల్లటి పొగ వస్తుంది.
చివరికి గొట్టంలో తేలేది ఒక దూదిపోగు.
మూడు వందల కోట్ల అక్షరాలున్నయి ఇందులో, అన్నాను.
"నాలుగే అక్షరాలంటివి గదనే!
నాలుగింటితోని గంత కతనా?"

జన్యుపటం ఎట్లా చెప్పాలో తెలియక
మేడారం జాతర చెప్పాను.
జంపన్నవాగు జనంలో
కొంగుకు కొంగు ముడేసుకున్నోళ్లు
తప్పిపోవడం తక్కువ.
బండికి ఆ కొసనొకరు ఈ కొసనొకరు దిగితే
మళ్లీ గద్దెల కాడ కలవాల్సిందే, కలిస్తే.
తరం తరానికీ ఎవరు ఎవరితో ఎన్నిసార్లు విడిపోయిండ్రో
లెక్కబెట్టి
ఎవరి పక్కన ఎవరు కూర్చున్నరో చెప్పడం,
అంతే పెద్దమ్మా.

"మరి మైలురాళ్లో?"
అది రెండో పటం. అడుగులు కొలిచేది.
రెండింటి దూరాలూ ఒకటి కావు.
నర్సంపేట నుంచి వరంగల్‌కు కిలోమీటర్లు ఎప్పుడూ అవే,
మిర్చి కాలంలో ఎనుమాముల దాటేసరికి
పొద్దుగూకుతుంది చూడు,
అట్లా.

కష్టమంతా అతుకుల దగ్గర.
యంత్రం చింపి చింపి చదువుతుంది,
కొసలు కలిసిన చోట మేం అతకాలి.
కానీ మిరప అన్న మాటే మళ్లీ అంటుంది.
కొత్తవాడ జంపఖానా ఉంది కదా,
అదే పువ్వు, అదే గీత, అదే పువ్వు,
జానెడు ముక్క చేతికిస్తే
ఏ అంచుదో నేసినాయనే చెప్పలేడు.
అందుకే తొమ్మిదో క్రోమోజోమ్ నడుమ ఖాళీ.
తెలియదు అనే ఒకే అక్షరం
వేలసార్లు.

లసుమక్క తెర దగ్గరికి వంగింది.
"పురుగు ముట్టని సంగతి ఏడ రాసున్నది?"
ఇంకా దొరకలేదన్నాను.
ఖాళీ వైపు వేలు పెట్టలేదు.
"దొరికినంక
నా ఇత్తునం నాకే అమ్ముతరా?"

ఏసీ చప్పుడు వినబడింది కాసేపు.
నస్రీన్ బాజీ చేతి తొడుగులు విప్పి
మళ్లీ తొడుక్కుంది.

మిగిలిన పిడికెడు గింజలు ఆమె ముడేసుకుంది.
ముగ్గురడిగిండ్రట నారుకు.
కోర్టు దగ్గర బస్సు దొరకదని తొందరపడింది.

ఆమె పోయినంక పట్టిక తెరిచాను.
ఊరుకు గడి ఉంది, తేదీకి ఉంది,
ఎత్తు, ఆకు వెడల్పు, కాయ బరువు.
దాచినామెకు గడి లేదు.
గమనికలో తెలుగులో కొట్టాను:
కుందారపు లసుమక్క, బూడిదలో కాపాడింది.
సాఫ్ట్‌వేర్‌కు మన లిపి రాదు.
పేరంతా
డబ్బాలు డబ్బాలుగా చూపించింది,
తొమ్మిదో దాని నడిమిలాగే.

సేవ్ చేశాను.