మూడో వరుసలో ఐదో పలక

ప్రొఫెసర్ గారూ,
మీరడిగిన రుజువు దొరకలేదు.
పురపాలక సంఘం నేలమాళిగలో, పద్నాలుగో నంబరు పెట్టెలో
ఉత్తరాలు మాత్రం దొరికాయి.
తుప్పు పట్టిన గుండుసూది లాగితే
కాగితం మీద చిన్న గోధుమరంగు మచ్చ.
దాన్ని కూడా నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఎందుకో తెలీదు.

బొమ్మ సంగతి మీకు తెలుసు:
పోర్చుగల్‌లో ఓ రేవు ఊరు,
చేపల మార్కెట్ గోడ నిండా నీలి పింగాణీ పలకలు,
సార్డీన్ డబ్బాల ఫ్యాక్టరీ నేల మీద
పురిటి నొప్పులు పడుతున్న ఒక ఆడమనిషి,
చుట్టూ మోకరిల్లిన ముగ్గురు:
ఉప్పు మోసేవాడు, మూతలు బిగించేది, లెక్కలు రాసేవాడు.
అంతటా నీలమే.
మూడో వరుసలో ఐదో పలక ఒక్కటే ఎరుపు.

ఊరు రెండుగా చీలిందని పుస్తకాలు రాస్తాయి.
ఊరు చీలలేదు. ముఖం తిప్పుకుని చేపలు కొనుక్కుంది.
చర్చి ఫాదర్ ఒక ఆదివారం మండిపడ్డాడు,
ఎవరో రాత్రిపూట తారు పూశారు,
ఎవరో తెల్లారేసరికి కిరసనాయిలుతో తుడిచారు.
మిగతా గొడవంతా ఒక్కడే మోశాడు,
ఎర్మీనియు ఫల్కాటు, కస్టమ్స్‌లో రిటైరైన గుమాస్తా.
పదకొండేళ్లు, ఇరవై మూడు ఫిర్యాదులు.

మొదటిది:
"నా మనవరాలు బడికి ఈ దారినే వెళ్తుంది.
అది అడిగితే నేనేం చెప్పాలి?
తీసేయండి."

నాలుగోది:
"ఎరుపు తప్పు. నెత్తురు అలా ఉండదు.
చేపలు కడిగిన నీళ్లలో కలిస్తే గులాబీ రంగుకు తిరుగుతుంది."
ఇక్కడ ఆగాను.
కాగితాల మీద ముద్రలు గుద్దే మనిషికి
ఆ సంగతి ఎలా తెలిసింది?

ఏడోదాంట్లో కొట్టేసిన వాక్యం ఒకటుంది.
దీపానికి ఎత్తిపట్టి చదివాను:
"సైరన్ కూస్తే అర్ధరాత్రయినా మా అమ్మ..."
అంతే. మిగతాది సిరా మింగేసింది.

తొమ్మిది:
"ఎవడో కుర్రాడు ఆ పలక మీద రాయి విసిరాడు.
నాకూ విసరాలనే ఉంది, దాచుకోను.
కానీ వాడికేం తెలుసని విసరాలి?"

పద్నాలుగు, ఫ్యాక్టరీలో పసిపిల్లల గది తెరిచిన వారం:
"ఇదంతా ఆ బొమ్మ చలవేనని పేపర్లో రాశారు. అబద్ధం.
నలభై రోజులు సమ్మె చేసింది ఆడవాళ్లు.
గోడ మీది బొమ్మ ఎవరికీ గిన్నెడు సూప్ పోయలేదు."

నిజమే. సమ్మె కమిటీ చిట్టాలన్నీ తిరగేశాను.
బొమ్మ ఊసు ఒక్కచోటే:
"సాయంత్రం ఆరింటికి నెత్తురు పలక దగ్గర కలుద్దాం."
దీన్ని ప్రభావం అందామా, అడ్రసు అందామా?
మీరిచ్చిన పట్టికలో ఆ గడి లేదు.

చివరి ఉత్తరానికి చేతిరాత వణికింది:
"ఐదో పలక వదులైంది. వానలు మొదలవుతున్నాయి.
మూడుసార్లు రాశాను, మీకు చీమ కుట్టినట్టైనా లేదు.
బొమ్మ నాకు ఇప్పటికీ నచ్చదు.
మనిషిని పంపండి."
అంచున ఏ అధికారిదో పెన్సిల్ రాత:
"చూశాం. ఫైలు చేయండి."

నిన్న గోడ దగ్గరికి వెళ్లాను.
చేపలమ్మే దియులిండా
"ఫొటోకైతే అటు జరుగు, నీ నీడే పడుతోంది" అంది.
పలక ఊడలేదు.
చుట్టూ ఉన్నది ఆఫీసు మేస్త్రీ సిమెంటు కాదు.
ముద్దముద్దగా, బొటనవేలితో ఒత్తినట్టు,
ఒక మూల వేలిముద్ర గీతలతో సహా.
"ఎవరు అతికించారు?" అన్నాను.
"అతుక్కుంది కదా" అంది పొలుసులు గీకుతూ.

కొలత తీసుకోలేదు.
నా బొటనవేలు ఆనించి చూశాను. సరిపోలేదు, ఆ గుంట పెద్దది.

సోమవారం ఇస్తానన్న అధ్యాయం ఇవ్వలేను.
దియులిండా బకెట్ కుమ్మరించింది,
నీళ్లు నా చెప్పుల కిందుగా కాలవలోకి పోయాయి.
రంగు విషయంలో
నాలుగో ఉత్తరం పొరపాటు పడలేదు.