కోడి తిన్న ఇళ్ళు

మాపుతో నుంచి నేను తెచ్చిన పటంలో
బుజి నది ఒక నీలం గీత.
పక్కన ఎరుపు, ఆ పక్కన నారింజ, దూరంగా పసుపు.
గొట్టంలో చుట్టి, చినుకు తగలకుండా
చంటిపిల్లను తెచ్చినట్టు తెచ్చాను.

ఫెలిజార్దా సిమాంగో దాన్ని తలకిందులుగా పట్టుకుంది.
సరిచేయబోతే వద్దంది.
"మా గడపలో నిలబడి చూస్తే నది ఇటే."

ఎరుపంటే ఏమిటని అడిగింది.
నూరేళ్ళకొక్కసారి వచ్చే వరద, అన్నాను.
వేళ్ళు మడిచి లెక్కేసింది.
"నాకు యాభై రెండు. మూడు చూశాను.
మిగతా రెండువందల నలభై ఎనిమిదేళ్ళు
ఎవరి ఖాతాలో రాశారు?"
సంభావ్యత గురించి చెబుదామని నోరు తెరిచాను.
దోమ దూరింది.

మర్నాడు జీడిమామిడి నీడలో
కర్రతో ఇసుక మీద వాళ్ళే నదిని గీశారు.
నా పటంలో లేని రెండు వంపులు అందులో ఉన్నాయి.
ఇంటికో మొక్కజొన్న గింజ.
బావికో సీసా మూత.
నడవలేని మనిషున్న చోట చిక్కుడు గింజ.
పదకొండన్నారు.
"పన్నెండు," అన్నాడు చూపులేని జకరియాష్.
తడుముకుంటూ వచ్చి, సరిగ్గా తన ఇంటి మీద
తన గింజ తనే పెట్టుకున్నాడు.

అప్పుడొచ్చింది, ఎవరిదో ఎర్ర కోడి.
రేవు దగ్గర మొదలెట్టి
టక్కు టక్కుమని వరసగా
పదిహేడిళ్ళు తినేసింది.
జనం పడీ పడీ నవ్వారు.
అబీలియో అనే కుర్రాడు చెప్పు విసిరాడు.
నవ్వు ఎవరి దగ్గర ఆగిందో తెలీదు,
ఏ గింజ ఎవరిదో గుర్తొస్తున్న కొద్దీ
ఒక్కొక్కరే నోరు మూసుకున్నారు.
లీనా ఖాళీ ఇసుకను చూస్తూ ఉండిపోయింది.
పోయిన వరదలో ఆమె ఇల్లు
అచ్చం అలాగే పోయింది, ఒక్క పొడుపుకి.

కమిటీ ఆ సాయంత్రమే పుట్టింది.
నేను పుట్టించలేదు.
నా రిపోర్టులో మాత్రం నేనే అని ఉంటుంది.

తర్వాతవన్నీ చిన్న పనులు.
రేవులో ఇనప స్తంభానికి మూడు రంగుల పట్టీలు,
పడవలకు పూయగా మిగిలిన రంగుతో.
పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ
ఫెలిజార్దా చూసి నోటుబుక్కులో రాస్తుంది.
ఎగువనుంచి తోడికోడలు ఫోన్ చేస్తుంది:
"ఇక్కడ ఎద్దు మోకాలి దాకా."
అక్కడ ఎద్దు మోకాలంటే
ఎల్లుండి పొద్దుటికి ఇక్కడ గడప.
నా కంప్యూటరూ ఇంచుమించు అదే చెప్పింది,
నాలుగు నెలలు ఆలోచించి.

సెప్టెంబరులో, ఎండ మాడు పగలగొడుతుంటే
లేని నీళ్ళ నుంచి పారిపోవడం నేర్చుకున్నారు.
మెగాఫోను కూత, బడి మిట్ట దాకా పరుగు.
మొదటిసారి యాభై ఒక్క నిమిషం.
జకరియాష్‌ని మోయాల్సిన ఇద్దరూ సారా కొట్లో దొరికారు.
రెండోసారి సైకిలెక్కించి తోశారు.
"వరద రాకపోయినా రోజూ తిప్పండి," అన్నాడు.
మూడోసారి ముప్పై మూడు.
మేకల్ని వదిలి రమ్మంటే ఎవరూ వదల్లేదు.
సరే, మేకలకీ ఒక దారి పెట్టారు.

ఫిబ్రవరిలో వచ్చింది, రాత్రి రెండున్నరకి.
నోటుబుక్కులో ఆ రోజు అంకె లేదు.
"స్తంభం కనపడ్డం లేదు" అనుంది, సిరా చెదిరి.
మెగాఫోను రెండు కూతలు కూసి గొంతు పోగొట్టుకుంది.
ఆపైన గిన్నెలు, గరిటెలు.
లీనా తలుపులు బాదుకుంటూ వెళ్ళింది,
పదిహేడూ లెక్కపెట్టుకుంటూ,
నీళ్ళు నడుముకొచ్చేదాకా.

నేను చేరేసరికి పన్నెండు రోజులైంది.
మిట్ట మీద టార్పాలిన్లు, పొగ, పిల్లల దగ్గు.
చేలు లేవు. రేవు లేదు.
కోడి తిన్న పదిహేడిళ్ళూ లేవు, తినని తొమ్మిదీ లేవు.
చిక్కుడు గింజలు పన్నెండూ ఉన్నాయి.
నా ఫారంలో ఒక గడిలో సున్నా వేయబోతుంటే
ఫెలిజార్దా నా చెయ్యి పట్టుకుంది.
అబీలియో.
మేకల దారిన వెనక్కి వెళ్ళాడు.

ఇసుకలో మళ్ళీ గీస్తోంది.
నది జరిగింది. ఒక వంపు ఎక్కువైంది.
"మేకల్ని ఈసారి ముందురోజు సాయంత్రమే తోలాలి,"
అంది, తలెత్తకుండా.
కాసేపాగి,
"మళ్ళీ వస్తే పటం తేకు.
మెగాఫోనుకి బ్యాటరీలు పట్టుకురా.
లావువి. ఆరు."

గింజల డబ్బాకి దూరంగా
ఎర్ర కోడి,
కాలికి తాడుతో.