పన్నెండు గీతల్లో తొమ్మిది

ఒమారు ఊరి చివర, గొర్రెల కంచె పక్క షెడ్డులో
మంత్రసాని మెరెయానా కారు
ఇంకా జపనీసులోనే పలకరిస్తుంది.
యొకొహామా రేవులో ఓడెక్కిన పాత ఎలక్ట్రిక్ బండి.
ఏమంటుందో ఆమెకి తెలీదు.
"సరేలేవే" అంటుంది రోజూ, బెల్టు బిగించుకుంటూ.

కొన్నప్పుడు మీటరు మీద పదకొండు గీతలు.
ఏడాది తిరక్కుండానే ఒకటి రాలింది.
ఆ రాత్రి నిద్ర లేదు.
బ్యాటరీ మార్చాలంటే బండి ఖరీదు కన్నా ఎక్కువవుతుందని
పెట్రోలు బంకు దగ్గర ఎవడో అన్నాడు.
వాడికి ఎలక్ట్రిక్ కారు లేదు.

మెకానిక్ సెఫో బోనెట్ ఎత్తనైనా లేదు.
తీగ గుచ్చి, ఫోనులో అంకెలు చూసి,
టీలో బిస్కెట్ ముంచుతూ అన్నాడు:
"మొదట్లో గబగబా తగ్గుతుంది, తర్వాత నింపాదిగా.
ఎండలో నిండా ఛార్జి పెట్టి వారాలు వదిలేయకు.
చలికాలం తగ్గినట్టుండేది తరుగు కాదు, బద్ధకం.
రోజుకి ఎంత దూరం పోతావు?"
"ఎనభై. పురుళ్లు ఎక్కువైతే తొంభై."
"ఇది నూటపది పోతుంది."
బిస్కెట్ విరిగి కప్పులో పడింది.

ఇంటికొస్తూ నవ్వుకుంది.
పుట్టిన బిడ్డ మొదటి వారం బరువు తగ్గితే
హడలిపోయే తల్లులకి
తను చెప్పే మాటే కదా ఇది!
బిడ్డ మళ్ళీ పుంజుకుంటుంది, బ్యాటరీ పుంజుకోదు.
ఆ తేడా మాత్రం
మలుపు దాకా ఆమె పక్క సీట్లో కూర్చుంది.

జూలై. గడ్డి మీద తెల్లగా మంచు. మీటరు మీద తొమ్మిది.
కురౌ దాటి ఒక పాడి రైతు ఇంటి నుంచి కబురు.
హీటరు ఆపేసి, ఉన్ని టోపీ చెవుల దాకా లాక్కుని
డెబ్బై కిలోమీటర్లు.
చివరి ఎత్తు మీద బండి జపనీసులో గొంతు పెంచింది.
ఈసారి అర్థమైంది.

పాలషెడ్డు సాకెట్లో వైరు పెట్టి లోపలికెళ్లింది.
నొప్పులు తొమ్మిది గంటలు.
తెల్లారుజామున ఆవులు పాలిచ్చాయి,
బండి నిండా తాగింది,
పిల్ల ఏడ్చింది. పది వేళ్ళూ లెక్కపెట్టింది మెరెయానా.

బియ్యం అడుగంటితే
"నిండుకున్నాయి" అంటుంది నా భాష;
ఖాళీ అన్న మాటని గడప దాటనివ్వదు.
తెలుగు వస్తే ఆమెకీ నచ్చేది.

తొమ్మిదో గీత ఎప్పుడు రాలిందో
ఆమె చూసుకోలేదు.
వసంతంలో అద్దం తుడుస్తుంటే కనిపించాయి, ఎనిమిది.
టైర్లలో గాలి చూసుకుని
బయల్దేరింది.