మచ్చు

ఇరవై రెండు బిళ్ళలు,
రూపాయి కాసంత గుండ్రంగా, జిగురుగా.
ఒక్కొక్కటి మోచేతికి అదిమి, పది లెక్కపెట్టి లాగాలి.
"కత్తి లేదా అమ్మా?" అన్నాడు నాగుల్‌మీరా.
లేదన్నాను.
పోయినసారి తొడ మీద ముక్క కోసి రెండు కుట్లు వేశారట.
కుట్ల వెంటే కొత్త మచ్చ మొలిచిందట,
గట్టు తెగినచోటే నీళ్ళు దారి చేసుకున్నట్టు.

గుంటూరులో మార్చి.
యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
తలుపులన్నీ మూసిన మా ల్యాబులోనూ తుమ్ములే.
ఆయన తుమ్మడు.
ముప్పై ఏళ్ళు మచ్చు తీసిన చెయ్యి అది:
టిక్కీ పొట్టలోకి మోచేతి దాకా దూరి
లోపలి కాయ పిడికెడు లాగి
గలగలలాడించి, విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని
తేజానా, తాలా, తడి పట్టిందా తేల్చేది.
"పైన ఎర్రగా సర్ది లోపల తాలు కూరతారమ్మా.
పైకాయ చూసి ధర కట్టినోడు మునుగుతాడు."

అప్పట్లో తువ్వాలు కింద బేరం.
వేలు పట్టుకుంటే వంద, కణుపు నొక్కితే పాతిక.
వేళ్ళ మీద పొట్టు లేచిన ఏడు
ఎప్పట్లాగే తువ్వాలు పరిచాడు.
పొద్దు వాలేదాకా దాని కింద
ఆయన చెయ్యి ఒక్కటే ఉంది.
అది చెప్పి నవ్వాడు.
నవ్వి, తొమ్మిదో బిళ్ళకు మోచెయ్యి చాపాడు.

అంటురోగం కాదని మా గోడకు పోస్టరుంది.
"సెలూన్లో కూడా అంటించారా?" అన్నాడు.
నేను సీసా మీద నంబరు రాస్తున్నట్టు నటించాను.
ముప్పై ఏడు.
మచ్చకూ మచ్చుకూ కొమ్మొక్కటే తేడా.

రాత్రి, బిళ్ళల్ని ఉప్పునీళ్ళలో నానేసి
తొంభై ఆరు గుంటల పళ్ళెంలో చుక్క చుక్క పోశాను.
ముందు నీలం తిరగాలి,
యాసిడ్ తగలగానే పసుపై ఆగిపోవాలి.
ఎంత ముదురు పసుపైతే అంత మంట.
మనకు మంటంటే ఒకటే మాట,
పొయ్యిలోదైనా, నాలుక మీదిదైనా, కడుపులోదైనా.
పళ్ళేనికి అట్లా కుదరదు, విడివిడి పేర్లు కావాలి.
ఇంటర్‌ల్యూకిన్ పదిహేడు, కబురు మోసేది.
ముప్పై ఆరు, ఆ కబురుకు ఉప్పూకారం దట్టించేది.
ఇక సోరియాసిన్,
ఈ చర్మంలోనే మొదట దొరికినందుకు
జబ్బు పేరునే ఇంటిపేరుగా మోస్తున్న చిన్న ప్రోటీను.
దాన్ని చూస్తే నాకు జాలి.
క్రిములు వాలకుండా కాపలా దాని ఉద్యోగం.
దొంగే రాని వీధిలో
తెల్లార్లూ ఈల ఊదుతూనే ఉన్న గూర్ఖా.

మూడు నెలలకు సూదిమందు పనిచేసింది.
మోచెయ్యి నున్నగా, కొత్త కుండలా ఉంది.
డాక్టర్ హైమవతిగారు 'తగ్గింది' అని రాసి కింద గీత గీశారు.
మచ్చు మళ్ళీ తీశాను.
గుంటలన్నీ గంజి రంగుకు దిగాయి.
సోరియాసిన్ వరుస మాత్రం
కాస్త, కాస్తే, పచ్చగా.
నా చేతి పొరపాటైతే బావుండునని
మూడుసార్లు కొలిచాను.
ఒక్క మనిషి, ఒక్క మోచెయ్యి,
దీని మీద ఏ తీర్పూ రాయకూడదు. తెలుసు.
రాయలేదు. నిద్రా పోలేదు.

ఆయనే అడిగాడు:
"పైకాయ బానే ఉంది. లోపలి కాయ సంగతేంటి?"
చెప్పాను.
మోచెయ్యి కిటికీ వెలుగులోకి తిప్పి
బొటనవేలితో నిమురుకున్నాడు, ధర కట్టేముందు నిమిరినట్టు.
"తెలుసమ్మా. మబ్బు పట్టే ముందు అక్కడేదో గుసగుసలాడుద్ది.
మీ పళ్ళేనికీ వినబడిందన్నమాట."

భుజం మీది తువ్వాలు తీసి
బల్ల మీద చేతికి కప్పాడు. వేళాకోళానికే.
నేను గ్లవ్స్ విప్పి చెయ్యి లోపలికి పోనిచ్చాను.
వేలే పట్టుకున్నాననుకున్నాను.
కణుపు మీద పడ్డట్టుంది నా పట్టు.
"పాతికేనా!" అన్నాడు.