ఆఖరి మాట

ఇరవై రెండేండ్లు చీరల మూట మోసిన చేతులు
ఏసీ గదిలో ఊరికే కూచోమంటే కూచుంటాయా,
గాజుబల్ల మీద లేని గుడ్డను మడతపెడతాండాయి.

కడపలో, రాయచోటి రోడ్డు మీద షోరూము.
అబ్బోడి పేరు ఇంతియాజు, చొక్కా మీద రాసుంది.
"మేడమ్" అంటాండాడు నన్ను.
చెమ్ముమియాపేట సందుల్లో "ఓ చీరలామే" అంటే తిరిగే తల ఇది,
రెండుసార్లు పిల్చినాక గానీ పలకలేదు.
పేరు, సుబ్బరత్న.
ఏం చేస్తారంటే మూట చూపించబోయినా, మూట తేలేదు గదా.
బిజినెస్ అని రాసుకున్నాడు.

కారు తెల్లది, చిన్నది.
వెనక సీటు మడిస్తే ఎన్ని మూటలు పడతాయో
జానలు పెట్టి కొల్చినా.
వాడు మైలేజీ చెప్తాండాడు, గాలి బ్యాగులు చెప్తాండాడు,
నేను వాని బూట్లు చూస్తాండా.
ఎడమ మడమ అరిగింది.
తేదీ ఇరవై తొమ్మిది.

ధర చెప్పినాడు. ఒక్కసారిగా కాదు.
ముందు కారు, ఆమీట ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను,
హ్యాండ్లింగ్ అని ఇంకోటి, దేన్ని పట్టుకున్నారో ఏమో.
నవ్వొచ్చింది.
చీర ధర ఒకటి చెప్పి
ఫాలు కుట్టుకూలి వేరే అని
ఎన్ని గడపల్లో నసగలేదు నేను!

"ఎంతకిస్తావు నాయనా, ఆఖరి మాట చెప్పు."
ఆ మాట ఇనే చెవులే నావి.
అనే నోరు ఈ పొద్దే తెరుచుకుంది.

"మేనేజర్ని అడిగొస్తా మేడమ్."
అద్దాల గది, అన్నీ కనపడతాండాయి.
మేనేజరు ఎవరితోనో ఫోన్లో ఉండాడు.
ఇంతియాజు నీళ్ళు తాగినాడు,
క్యాలెండరు చూసినాడు, వేళ్ళు విరుచుకున్నాడు,
ఉండాల్సినంతసేపు ఉండి వచ్చినాడు.

నాకు తెలీదా.
"మా సేటునడగాలక్కా" అని వాకిట్లోకి పోయి
బ్యాలెన్సు లేని ఫోను చెవికి పెట్టుకోని
ఎంత బతిమాలుకున్నా నేను, పుట్టని సేటును!

"ఎనిమిది వేలు తగ్గించినారు, మీకోసమని."
మీకోసమని.
నా మూటలోని మాట, వీనికెట్ల దొరికిందో.

లేచినా.
ఆ లేవడం నాకు నీలవేణి టీచరమ్మ నేర్పింది.
చీర మడత చెరిపి, పైట భుజానేసుకోని,
అద్దం ముందర ఇటు తిరిగి అటు తిరిగి
"వద్దులే" అని లోపలికి పోయేది.
నా గుండె ఆమె వెనకాల వంటింటి దాకా పోయేది.
ఇప్పుడు అరిగిన బూటు ఒకటి
తలుపు దాకా నా వెనక వచ్చింది.

పద్దెనిమిది వేలు తగ్గింది. మ్యాట్లు ఊరికే.
హ్యాండ్లింగ్ మీద నీలిపెన్నుతో రెండు గీతలు.
ఇంకో రెండు వేలుంది వాని గొంతులో,
మింగుతాండాడు, కనపడతాండాది.
టీచరమ్మ ఆఖరి ఇరవై రూపాయలకు గూడా కూచునేది,
అది నా బస్సు ఛార్జీ అన్నా ఇనేది కాదు.

ఆ నొప్పి తెలిసినదాన్ని,
అడగలేదనుకునేరు.
అడిగినా.
వెయ్యి ఇచ్చినాడు.

ఆ రాత్రి నిద్ర లేదు.
మిగిలిన వెయ్యి ఆ గాజుబల్ల మీదనే
మర్చిపోయి వచ్చినట్టు.

శుక్రవారం బండి ఇచ్చినారు.
రిబ్బను వాళ్ళది, నిమ్మకాయలు నేను తెచ్చుకున్నా.
ఇంతియాజు ఫోటో తీస్తా "నవ్వండి మేడమ్" అన్నాడు.
"మీ ఇంట్లో చీరలు ఎవరు కడతారబ్బీ?"
"మా అమ్మ. అక్క గూడా, పండగలకు."
డిక్కీ తెరిచినా.
ఆకుపచ్చది తీసి వాని చేతుల మీద పరిచినా.
ధర చెప్పినా.
వాడు చీరను చూసినాడు, నన్ను చూసినాడు,
మడత చెరిపినాడు.