మూడు సెకన్లు ఆలస్యంగా

టొలీడో ఊళ్లో, బస్సులు మలుపు తిరిగే మూల మీద
రాత్రంతా తెరిచుండే బట్టలుతికే షాపు నాది.
నాదంటే షాపు కాదు, రాత్రి నాది.

గోడకి ఎత్తున బిగించిన టీవీకి గొంతు పోయి ఆరేళ్లు.
ఓనరు బాగు చేయించడు, నేనూ అడగను.
అందుకే వెండెల్ ప్రోకాప్ గొంతు ఎలా ఉంటుందో నాకు తెలీదు.
కోటు తెలుసు. పైపళ్ల మధ్య సందు తెలుసు.
జోకు పేలకపోతే టై ముడి తడుముకోవడం తెలుసు.
మాటలు మాత్రం కింద నల్లపట్టీ మీద
మూడు సెకన్లు ఆలస్యంగా నడిచొస్తాయి.
అప్పటికే అతను పెదాలు మూసేసి ఉంటాడు.
"నవ్వులు" అని రాసి వస్తుంది.
అప్పుడు మేం నవ్వుతాం.

ఇవాళ ఆఖరు.
ముప్పై ఒక్క ఏళ్లు ఆ బల్ల వెనక కూచున్న మనిషి
రేపు కూచోడు.

"పీడా పోయింది" అంది డెల్ఫీన్,
ఆస్పత్రి యూనిఫారాలు మెషీన్లోకి కుక్కుతూ.
"మూడో పెళ్లాం జోకు ఎన్నిసార్లని వేస్తాడు?
ఆవిడ పోయిన ఏడాది కూడా వేశాడు, సిగ్గులేకుండా."
అందిగానీ,
డ్రయ్యరు ఆగి అరగంటైనా కదల్లేదు.
ఒకే దిండు గలీబు మడత పెట్టి, విప్పి,
మళ్లీ మడత పెట్టింది.

బూట్లు ఉతుక్కోడానికొచ్చిన కుర్రాడు
తల పైకెత్తి "ఎవరాయన?" అన్నాడు.
నాకు ఒళ్లు మండింది.
ఎందుకో! నాకేమన్నా చుట్టమా, పక్కమా.

క్లియోటిస్ ఏమీ అనలేదు.
అద్దాల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పంతొమ్మిదేళ్లు చేశాడు.
దానికి తాళం పడిన వారం
ప్రోకాప్ ఆ బల్ల మీద మోచేతులు ఆనించి అన్నాడట:
"టొలీడో అద్దాల ఊరు కదా,
ఈ పక్కనుంచి చూస్తే ఆ పక్క కనబడుతుంది.
మధ్యలో ఏమీ లేదు."
దేశమంతా నవ్వింది.
మధ్యలో క్లియోటిస్ ఉన్నాడు,
ఒళ్లో కొలిమి చేతొడుగులతో, రెండు నెలల అద్దె బాకీతో.

ఇరవై రెండేళ్లుగా ఒక్క రాత్రి మానకుండా చూశాడు.
నవ్వడానికి కాదు,
ఎప్పటికైనా ఆ మాట వెనక్కి తీసుకుంటాడని.
ఇంటి టీవీ పాడయ్యాక ఇక్కడికి రావడం మొదలుపెట్టాడు,
సంచిలో నాలుగే చొక్కాలు, అవీ ఉతికినవే.
"నవ్వొచ్చిన రాత్రుళ్లూ ఉన్నాయి" అన్నాడొకసారి నాతో,
దొంగతనం ఒప్పుకున్నట్టు.
"పళ్లు బిగబట్టుకునేవాణ్ణి."

ఇవాళ ప్రోకాప్ అందరికీ దండాలు పెట్టాడు.
డ్రమ్ములవాడికి, మొహానికి రంగు వేసే ఆవిడకి,
చీటీల మీద జోకులు రాసిచ్చి పేరు లేకుండా పోయినవాళ్లకి.
ఊళ్ల పేర్లూ చదివాడు, తనని భరించిన ఊళ్లట.
నల్లపట్టీ మీద ఒక్కొక్కటే వస్తోంది.
క్లియోటిస్ లేచి టీవీ కిందకెళ్లి నిలబడ్డాడు,
బస్సు బోర్డు చదివే మనిషిలా.
డెల్ఫీన్ చేతిలో గలీబు ఆగింది.
ఆఖరి ఊరు ఏదో పడమటి తీరంలోది.
మాది రాలేదు.

లైట్లు ఒక్కొక్కటే ఆరాయి.
ప్రోకాప్ బల్ల మీద కప్పు బోర్లించాడు.
అందులో ఎప్పుడూ ఏమీ లేదని నాకు అప్పుడే తెలిసింది.
పెదాలు కదిలాయి. వెళ్లిపోయాడు.

వెంటనే పరుపుల ప్రకటన.
ఎవరో అమ్మాయి తెల్లటి పరుపు మీద నిద్రపోతోంది.
ఆమె కింద, నల్లపట్టీ మీద,
ఎవరూ లేని నోట్లోంచి నడిచొచ్చింది మాట:
"చాలా ఆలస్యమైంది. ఇక పడుకోండి."

"అదెవరన్నారు?" అడిగాడు క్లియోటిస్.
"అతనా, పరుపులవాడా?"
నాకు తెలీలేదు.
కుర్రాడి బూట్లు మెషీన్లో దబదబా కొట్టుకుంటున్నాయి.

తడి చొక్కాలు అలాగే సంచిలో వేసుకుని
తలుపు దాకా వెళ్లాడు.
"రేపొస్తావా?" అన్నాను.

"బట్టలుంటే" అన్నాడు.